మీ సైట్‌ను బ్రౌజర్ ‘ప్రమాదకరం’ అంటోందా? వరుసగా చేయాల్సిన పనులు

పోచంపల్లి చీరలమ్మే దుకాణం, మిర్యాలగూడలో రైసుమిల్లు, మహబూబ్‌నగర్‌లో ఒక ప్రైవేటు పాఠశాల. అడిగేవారు మారుతున్నారు తప్ప ప్రశ్న మారడం లేదు. ‘మా సైట్‌లో ఏ మోసమూ లేదండీ. నిన్నటిదాకా బాగానే ఉంది. ఈరోజు తెరిస్తే తెరంతా ఎర్రబడి, ఇది ప్రమాదకరమైన సైట్ అంటోంది. ఎలా తీయించాలి?’ నల్లగొండ, పాలమూరు వైపు చిన్న వ్యాపారాలకు సైట్లు చేసిపెట్టడం నా పని. ఒక్కొక్కరికీ ఫోన్‌లో విడిగా చెప్పేకంటే ఒకచోట రాసి పెడితే నయమనిపించింది.

ముందే ఒక మాట. ‘తప్పుగా ఆపారు’ అని నా దగ్గరికి వచ్చే సైట్లలో చాలావాటి లోపల ఎవరో దూరిన జాడ దొరుకుతుంది. యజమానికి తెలియకుండా దూరారు కాబట్టే ఆయనకు హెచ్చరిక అన్యాయంగా తోస్తుంది. అలాగని పొరపాట్లు జరగవని కాదు. 2009 జనవరి 31న గూగుల్‌లో ఒకరు హానికర సైట్ల జాబితాలో చూసుకోకుండా ఒక్క వాలుగీత (/) చేర్చారు. ఆ గీత ప్రతి వెబ్ చిరునామాలోనూ ఉంటుంది. మన సమయం ప్రకారం రాత్రి ఎనిమిది నుంచి దాదాపు గంటసేపు గూగుల్‌లో ఏది వెతికినా ఫలితాల పక్కన ‘ఈ సైట్ మీ కంప్యూటర్‌కు హాని చేయవచ్చు’ అనే మాట కనిపించింది. కాబట్టి పొరపాటు అవతలివారిది కూడా కావచ్చు. అయితే అది మీరు తేల్చుకున్నాక అనాల్సిన మాట, ముందే అనేది కాదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- డొమైన్ పేరు (సైట్ చిరునామా) కొన్న ఖాతా లాగిన్. చాలామంది దగ్గర ఉండనిది ఇదే. సైట్ చేసిన అబ్బాయి తన పేరు మీద కొని, తర్వాత హైదరాబాద్‌లో ఉద్యోగం చూసుకుని ఉంటాడు. పని మొదలుపెట్టే ముందే ఆయన్ను పట్టుకోండి.
- హోస్టింగ్ (సైట్ ఫైళ్లు ఉంచే సర్వర్ సేవ) కంట్రోల్ ప్యానెల్ లాగిన్, సైట్‌ను వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో చేసి ఉంటే దాని అడ్మిన్ లాగిన్.
- మీ సొంత జీమెయిల్ ఖాతా.
- ఒక కంప్యూటర్, వేర్వేరు కంపెనీల సిమ్‌లున్న రెండు ఫోన్లు.
- హెచ్చరిక పేజీ స్క్రీన్‌షాట్. పైన చిరునామా, కింద చిన్న అక్షరాలు కూడా పడేలా తీయండి. ‘రెడ్ వస్తోంది’ అని చెబితే ఎవరూ ఏమీ చేయలేరు.

1. ఆపింది ఎవరో తేల్చుకోండి

అన్ని హెచ్చరికలూ ఒకచోటి నుంచి రావు. ఎవరు ఆపారో తెలియకుండా పంపిన ఫిర్యాదు ఎవరికీ చేరదు.

తెరంతా ఎర్రగా మారి, మోసమో హానికరమైన సాఫ్ట్‌వేరో ఉందని రాసి ఉంటే: క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో అది గూగుల్ సేఫ్ బ్రౌజింగ్ అనే హానికర సైట్ల జాబితా నుంచి వచ్చినట్టే. సఫారీ కూడా ఆ జాబితానే వాడుతుంది. ఎడ్జ్‌లో మాత్రం మైక్రోసాఫ్ట్ సొంత జాబితా స్మార్ట్‌స్క్రీన్. ఈ రెండింటికీ పొత్తు లేదు, ఒకచోట తీసేసినంత మాత్రాన రెండోచోట పోదు.

‘కనెక్షన్ ప్రైవేట్ కాదు’ అని రాసి, కింద ఇంగ్లిషు పెద్ద అక్షరాల కోడ్‌లో ‘సర్ట్’ (CERT) అనే ముక్క ఉంటే: అది సర్టిఫికెట్ సమస్య, అంటే సైట్ అసలైనదని బ్రౌజర్‌కు రుజువు చేసే డిజిటల్ పత్రం సమస్య. మీ మీద ఎవరూ మచ్చ వేయలేదు. రెండో మెట్టు చూడండి.

చిరునామా పక్కన ‘నాట్ సెక్యూర్’ అని మాత్రమే ఉంటే: సైట్‌కు సర్టిఫికెట్ లేదని అర్థం. 2018 జూలై నుంచి క్రోమ్ అలాంటి సైట్లన్నిటికీ ఈ ముద్ర వేస్తోంది. హోస్టింగ్ ప్యానెల్‌లో ఉచిత సర్టిఫికెట్‌ను ఆన్ చేస్తే సరిపోతుంది.

యాంటీవైరస్ కంపెనీ బొమ్మతో పెట్టె వస్తే: అది ఆ కంపెనీ సొంత జాబితా. ఏడో మెట్టుకు వెళ్లండి.

2. సర్టిఫికెట్ సమస్య అయితే

మొదట మీ కంప్యూటర్ గడియారం చూడండి. నవ్వకండి. పాఠశాలల కంప్యూటర్ గదుల్లో, నెట్ సెంటర్లలో మదర్‌బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ అయిపోయి, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి జరిగే పాత యంత్రాలు ఇంకా చాలా ఉన్నాయి. తేదీ తప్పయితే ఏ సర్టిఫికెట్ అయినా చెల్లనట్టే కనిపిస్తుంది. ఒక్క మీ సైటే కాదు, మిగతావీ తెరుచుకోకపోతే అనుమానం అక్కర్లేదు, గడియారమే.

తర్వాత సర్టిఫికెట్ గడువు. చాలా హోస్టింగ్‌లలో ఉచితంగా వచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ 90 రోజులే నిలుస్తుంది. అది దానంతటదే కొత్తదవ్వాలి. డొమైన్ సెట్టింగులు మార్చినప్పుడో హోస్టింగ్ మారినప్పుడో ఆ ఏర్పాటు చప్పుడు లేకుండా ఆగిపోతుంది. ప్యానెల్‌లోకి వెళ్లి మళ్లీ ఇప్పించుకోండి.

కొందరు కస్టమర్లకే వస్తోందంటే వాళ్ల ఫోన్ ఎంత పాతదో అడగండి. ఆండ్రాయిడ్ 7.1.1 కంటే పాత ఫోన్లు లెట్స్ ఎన్‌క్రిప్ట్ మూల సర్టిఫికెట్‌ను గుర్తించవు. 2024 సెప్టెంబరు దాకా ఒక తాత్కాలిక ఏర్పాటుతో నడిచాయి, ఆ తర్వాత అది కూడా పోయింది. ఆ ఫోన్లకోసం మీ సైట్‌లో మార్చాల్సింది ఏమీ లేదు.

3. గూగుల్ దగ్గర ఏం రాసుందో చూడండి

ఇక్కడి నుంచి అసలైన ఎర్ర పేజీ సంగతి. గూగుల్ ట్రాన్స్‌పరెన్సీ రిపోర్ట్‌లో సేఫ్ బ్రౌజింగ్ సైట్ స్టేటస్ అనే పేజీ ఉంటుంది. అందులో మీ చిరునామా ఇవ్వండి. ముందు ‘డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ’ పెట్టి ఒకసారి, పెట్టకుండా ఒకసారి, హెచ్చరిక వచ్చిన పేజీ పూర్తి లింకు ఇచ్చి ఒకసారి చూడండి. ముంగిలి పేజీ శుభ్రంగా ఉండి ఎక్కడో లోపలి ఫోల్డర్ మీదే ముద్ర ఉండవచ్చు.

ఆ తర్వాత వైరస్‌టోటల్ సైట్‌లో లింకు పెట్టండి. పదుల సంఖ్యలో భద్రతా కంపెనీలు మీ సైట్ గురించి ఏమంటున్నాయో ఒకేచోట కనిపిస్తుంది. ఒకటి రెండు మాత్రమే ఎర్రగా ఉంటే అది నిజంగా తప్పుడు ముద్ర అయ్యే అవకాశం ఉంది. నాలుగైదు ఒకే మాట అంటుంటే వాదించడం మానేసి సైట్‌లో వెతకండి.

జాగ్రత్త: వైరస్‌టోటల్‌లో లింకులు పెట్టండి గానీ కస్టమర్ల జాబితాలు, విద్యార్థుల వివరాలున్న ఫైళ్లు ఎక్కించకండి. అక్కడ ఎక్కించిన ఫైళ్లు ఆ కంపెనీలకు అందుబాటులోకి వెళతాయి.

ఇప్పుడు సెర్చ్ కన్సోల్, అంటే సైట్ యజమానుల కోసం గూగుల్ నడిపే ఉచిత సేవ. మీ జీమెయిల్‌తో తెరిచి డొమైన్ చేర్చితే, అది మీదేనని రుజువు అడుగుతుంది. డొమైన్ ఖాతాలో డీఎన్‌ఎస్ (చిరునామా సెట్టింగులు) కింద, గూగుల్ ఇచ్చే వరుసను టీఎక్స్‌టీ రికార్డుగా అతికించాలి. వెంటనే ఒప్పుకోకపోతే కొన్ని గంటలు ఆగి మళ్లీ నొక్కండి. డొమైన్ లాగిన్ దొరకకపోతే, గూగుల్ ఇచ్చే చిన్న ఫైలును హోస్టింగ్‌లో పెట్టి నిరూపించుకునే దారి కూడా ఉంది. లోపల ‘సెక్యూరిటీ ఇష్యూస్’ నొక్కండి. ఏ రకం ఆరోపణో, కొన్నిసార్లు ఉదాహరణగా ఏయే పేజీల్లో ఉందో కూడా రాసి ఉంటుంది. ఆ పేజీలను రాసుకోండి.

4. మీకు కనిపించని మీ సైట్‌ను చూడండి

అందరూ తొందరపడేది ఇక్కడే. ‘నేను రోజూ తెరుస్తాను, నాకేమీ కనిపించలేదు’ అంటారు. మీకు కనిపించకపోవడం ఏమీ లేదనడానికి రుజువు కాదు. దూరినవారు వదిలి వెళ్లే స్క్రిప్టు (చిన్న ప్రోగ్రామ్) మనిషిని బట్టి వేషం మారుస్తుంది. కంప్యూటర్‌లో చిరునామా నేరుగా టైప్ చేసి వచ్చినవారికి చీరలే చూపిస్తుంది. గూగుల్‌లో వెతుక్కుని, ఫోన్‌లో, మొదటిసారి వచ్చినవారిని మాత్రం రమ్మీ పేజీకో లాటరీ పేజీకో తోసేస్తుంది. అదే మనిషి వెనక్కి వచ్చి మళ్లీ తెరిస్తే మళ్లీ చీరలే. అడ్మిన్‌గా లాగిన్ అయి ఉన్నవారి జోలికి అసలు పోదు. సైట్ యజమాని రోజుకు పదిసార్లు చూసినా దొరకనిది కస్టమర్‌కు ఒక్కసారికే ఎదురవుతుంది.

ఎర్ర పేజీని దాటుకుని మీ ఫోన్‌లో లోపలికి వెళ్లి పరీక్షించకండి. దానికి వేరే మార్గాలున్నాయి.

సెర్చ్ కన్సోల్‌లో ‘యూఆర్‌ఎల్ ఇన్‌స్పెక్షన్’లో ఆ పేజీ లింకు ఇచ్చి లైవ్ టెస్ట్ నొక్కండి. గూగుల్ యంత్రానికి మీ పేజీ ఎలా కనిపించిందో బొమ్మతో, కోడ్‌తో సహా చూపిస్తుంది. సుకూరి సైట్‌చెక్ అనే ఉచిత పరీక్ష కూడా బయటినుంచి చూసి చెబుతుంది. అది బాగుందన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండకండి, సర్వర్ లోపలి ఫైళ్లు దానికి కనిపించవు.

గూగుల్ వెతికే పెట్టెలో ఇంగ్లిషులో ‘సైట్’ అని రాసి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా మీ డొమైన్ పేరు ఇవ్వండి. మీరు రాసిన పేజీలే రావాలి. జపనీస్ అక్షరాలతో బూట్లు, గడియారాలు అమ్మే పేజీలు మీ పేరు మీద వరుసగా కనిపిస్తే ఇక వేరే రుజువు వెతకనక్కర్లేదు.

వర్డ్‌ప్రెస్ అయితే హోస్టింగ్ ఫైల్ మేనేజర్‌లో అప్‌లోడ్స్ ఫోల్డర్ తెరవండి. అక్కడ ఫొటోలు, పీడీఎఫ్‌లు ఉండాలి. పీహెచ్‌పీ ఫైలు, అంటే ప్రోగ్రామ్ ఫైలు, ఉందంటే అనుమానించాల్సిందే. ఖాళీగా ఉన్న, లేదా ఒక్క వాక్యమే ఉన్న ఇండెక్స్ ఫైలు మాత్రం కొన్ని ప్లగిన్లు (వర్డ్‌ప్రెస్‌కు అదనంగా చేర్చుకునే సాఫ్ట్‌వేర్లు) పెట్టేదే, దాన్ని చూసి కంగారు పడకండి. అసలు లాగిన్ ఫైలు పక్కనే ఒక్క అక్షరం తేడాతో మరో ఫైలు ఉందా? సర్వర్ సెట్టింగులుండే హెచ్‌టీయాక్సెస్ ఫైలులో మీకు తెలియని చిరునామాకు మళ్లించే వరుసలున్నాయా? యూజర్ల జాబితాలో మీరు చేర్చని అడ్మిన్ ఉన్నాడా? సెర్చ్ కన్సోల్‌లో యజమానుల జాబితా కూడా చూడండి, దూరినవారు అక్కడ కూడా తమ పేరు చేర్చుకోగలరు. ఫైళ్లను మార్చిన తేదీ ప్రకారం అమర్చితే పని సులువవుతుంది, కానీ తేదీలను కూడా దిద్దగలరు కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు.

5. ఎవరూ దూరలేదా? అయితే ఈ కారణాలు చూడండి

మరొకరిలా కనిపించడం. నెట్ సెంటర్ పెట్టుకున్నవారు మీసేవ బొమ్మ, విద్యుత్ సంస్థ బొమ్మ, రెండు బ్యాంకుల బొమ్మలు వరుసగా పెట్టి, కింద ఆధార్ నంబరు, ఫోన్ నంబరు అడిగే ఫారం తయారుచేస్తారు. ఉద్దేశం మంచిదే కావచ్చు. చూసే యంత్రానికి, నిజం చెప్పాలంటే చూసే మనిషికి కూడా, అది ప్రభుత్వ పేజీకి నకలులాగే ఉంటుంది. దీన్ని తప్పుడు హెచ్చరిక అని నేను అనను. బొమ్మలు తీసేసి, దుకాణం పేరు పెద్దగా పెట్టి, ‘మేము ప్రైవేటు సేవాకేంద్రం’ అని స్పష్టంగా రాసి, ఆధార్ అడగడం మానేయండి.

బయటి స్క్రిప్టులు. ప్రకటనలు, సందర్శకుల లెక్క, పాప్‌అప్‌ల కోసం మీ సైట్‌లో పెట్టిన ఇతరుల కోడ్. ఇప్పుడు అవసరం లేనివన్నీ తీసేయండి.

పరీక్ష కాపీలు. కొత్త డిజైన్ చూపించడానికి సబ్‌డొమైన్‌లో (మీ డొమైన్ పేరు ముందు ఇంకో మాట చేర్చిన చిరునామాలో) పెట్టిన పాత కాపీ మీద ముద్ర పడితే అది మొత్తం డొమైన్‌కు చుట్టుకోవచ్చు. 2025 అక్టోబరులో ఇమిచ్ అనే ఫొటోల సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు ఇదే జరిగింది. పరీక్ష కోసం పెట్టుకున్న సబ్‌డొమైన్ల కారణంగా ఆ డొమైన్ మొత్తానికి ఎర్ర పేజీ వచ్చింది. రివ్యూ తర్వాత తొలగినా, కొత్త పరీక్ష సైట్ పుట్టగానే మళ్లీ పడింది. చివరికి పరీక్షల కోసం వేరే డొమైన్‌కు మారారు. మీరూ పరీక్ష కాపీలకు పాస్‌వర్డ్ పెట్టండి, పని అయ్యాక చెరిపేయండి.

డొమైన్ పాత చరిత్ర. తక్కువ ధరకు దొరికిందని ఎవరో వదిలేసిన పేరు కొంటే వారి చెడ్డపేరు కూడా వెంట వస్తుంది. కొన్న తేదీని చూపించే రసీదు దాచుకోండి, రివ్యూ అడిగేటప్పుడు రాయవచ్చు.

డౌన్‌లోడ్ ఫైళ్లు. మీ సైట్ నుంచి నేరుగా ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్ ఫైలు) ఇస్తుంటే ఆపి, ప్లే స్టోర్ లింకు పెట్టండి.

6. శుభ్రం చేయండి

ముందు ఉన్నదున్నట్టుగా మొత్తం కాపీ తీసి కంప్యూటర్‌లో పెట్టుకోండి. పొరపాటున అసలు ఫైలు చెరిపేస్తే వెనక్కి రావడానికి అదే దిక్కు. తర్వాత అనుమానపు ఫైళ్లు తీసేయండి. వాడని ప్లగిన్లను ఆపడం కాదు, చెరిపేయండి. ఉచితంగా దొరికిందని పెట్టుకున్న దొంగ థీమ్ (సైట్ రూపాన్ని ఇచ్చే ఫైళ్లు) ఉంటే మొదట పోవాల్సింది అదే. వర్డ్‌ప్రెస్‌ను, మిగిలిన ప్లగిన్లను కొత్తవి చేయండి. వర్డ్‌ఫెన్స్ ఉచిత స్కాన్ నడపండి.

ఆ తర్వాతే పాస్‌వర్డ్‌లు: హోస్టింగ్, ఎఫ్‌టీపీ (ఫైళ్లు ఎక్కించే ఖాతా), డేటాబేస్, అడ్మిన్, డొమైన్ ఖాతా, అన్నీ. లోపలి ఫైలు ఉండగానే పాస్‌వర్డ్ మార్చడం ముందు తలుపు తాళం మార్చి పెరటి తలుపు తెరిచి పెట్టడమే.

ఇదంతా చేతకాదనుకుంటే ఒక మార్గం ఉంది. హోస్టింగ్ కంపెనీని సమస్య మొదలవడానికి ముందటి బ్యాకప్ అడిగి పెట్టించండి. దాంట్లో అదే పాత ప్లగిన్ ఉంటుంది కాబట్టి వెంటనే కొత్తది చేయడం మరచిపోవద్దు.

7. రివ్యూ అడగండి

సెర్చ్ కన్సోల్ సెక్యూరిటీ ఇష్యూస్ పేజీలోనే ‘రిక్వెస్ట్ రివ్యూ’ బటన్ ఉంటుంది. మూడు సంగతులు రాయాలి: సమస్య ఏమిటి, ఏం చేశారు, ఇప్పుడు ఎలా ఉంది. సాదా ఇంగ్లిషులో ఐదారు వాక్యాలు చాలు. భావం ఇలా ఉండాలి:

‘ఫలానా రెండు పేజీల మీద హెచ్చరిక వచ్చింది. పాత గ్యాలరీ ప్లగిన్ ద్వారా అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఒక ఫైలు చేరింది. ఫైలునూ ప్లగిన్‌నూ తొలగించాం. మిగతావన్నీ అప్‌డేట్ చేసి, పాస్‌వర్డ్‌లు మార్చాం. ఆ పేజీలను లైవ్ టెస్ట్‌లో చూశాం, బయటికి మళ్లించే లింకులేవీ లేవు.’

నిజంగా తప్పుడు ముద్రే అయితే, పేజీ పని ఏమిటో చెప్పండి: ‘ఇది మా పాఠశాల ఫీజు పేజీ. చెల్లింపు ఫలానా గేట్‌వే పేజీలో జరుగుతుంది. మేము కార్డు వివరాలు గానీ పాస్‌వర్డ్ గానీ అడగం.’ ‘మేము ఇరవై ఏళ్లుగా నిజాయతీగా వ్యాపారం చేస్తున్నాం’ వంటివి చదివేవారికి పనికిరావు.

మోసం పేజీ అనే ఆరోపణకు సాధారణంగా ఒక రోజు పడుతుంది, హానికర సాఫ్ట్‌వేర్‌కు కొద్దిరోజులు, స్పామ్ పేజీలు చేరిన సైట్‌కు కొన్ని వారాలు కూడా పట్టవచ్చు. ఈలోగా మళ్లీ మళ్లీ నొక్కవద్దు. ఇంకో సంగతి: శుభ్రమైనట్టు చూపించి, ముద్ర పోగానే మళ్లీ అదే హానికి దిగే సైట్లను గూగుల్ ‘పదేపదే తప్పు చేసేవి’గా పరిగణిస్తుంది. అప్పుడు 30 రోజులు రివ్యూ అడిగే వీలుండదు.

సెర్చ్ కన్సోల్‌లో ఏ ఆరోపణా లేకపోయినా ఎర్ర పేజీ వస్తోందంటే, హెచ్చరిక పేజీలో ‘డీటెయిల్స్’ నొక్కితే గుర్తింపు తప్పని తెలియజేసే లింకు ఉంటుంది. ఎడ్జ్‌లో ‘మోర్ ఇన్ఫర్మేషన్’ కింద, ఈ సైట్‌లో మోసం లేదని తెలిపే లింకు దొరుకుతుంది, అది మైక్రోసాఫ్ట్‌కు వెళుతుంది. క్విక్ హీల్, కాస్పర్‌స్కీ, నార్టన్ వంటి యాంటీవైరస్‌ల వారికి తప్పుడు గుర్తింపు గురించి విడివిడిగా రాయాలి. వైరస్‌టోటల్‌కు రాస్తే వారేమీ చేయరు, వారు ఆ కంపెనీల మాట చూపించేవారు మాత్రమే.

ఇవన్నీ ఉచితం. ‘మీ సైట్ బ్లాక్‌లిస్టులో ఉంది, డబ్బు కడితే ఒక్కరోజులో తీయిస్తాం’ అని ఫోన్ చేసేవారికి గూగుల్ దగ్గర పలుకుబడి ఏమీ ఉండదు. సైట్ శుభ్రం చేసినందుకు ఒకరికి డబ్బివ్వడం వేరు, ముద్ర తీయిస్తామన్నందుకు ఇవ్వడం వేరు. ఇలాంటివారికి ఓటీపీ చెప్పి డబ్బు పోగొట్టుకున్నవారు ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

8. పోయిందో లేదో ఎలా తెలుస్తుంది

సెర్చ్ కన్సోల్‌లో ఆరోపణ తొలగిందా అన్నది మొదటి గుర్తు. తర్వాత మూడో మెట్టులో చూసిన స్టేటస్ పేజీ. ఆ తర్వాతే ఫోన్లు: ఒకటి మొబైల్ డేటాతో, ఒకటి వైఫైతో, రెండింట్లోనూ ఇన్‌కాగ్నిటో (చరిత్ర దాచుకోని) విండోలో, గూగుల్‌లో వెతుక్కుని లోపలికి వెళ్లండి. 2024 మార్చి నుంచి క్రోమ్ మామూలు విండోలో అప్పటికప్పుడు గూగుల్ సర్వర్‌ను అడిగి చూస్తోంది. జాబితాను ముందే దించుకుని వాడే బ్రౌజర్లలో మార్పు కాస్త వెనకగా కనిపించవచ్చు.

వైరస్‌టోటల్‌లో లింకు పెడితే పాత ఫలితమే వస్తుంది. మళ్లీ పరీక్షించమనే గుండ్రటి బాణం గుర్తు నొక్కితేనే కొత్తది. అది నొక్కకుండా పాత ఎర్ర గుర్తులు చూసి బెంగపడి నాకు స్క్రీన్‌షాట్లు పంపేవారు చాలామంది. ఒక వారం తర్వాత నాలుగో మెట్టులోని పరీక్షలు మరోసారి చేయండి. తీసేసిన ఫైలు మళ్లీ పుట్టి ఉంటే దాన్ని పుట్టించేది ఇంకొకటి లోపల మిగిలి ఉందన్నమాట.

ముద్ర ఉన్న రోజుల్లో చేయకూడనివి

కస్టమర్లకు ‘డీటెయిల్స్ నొక్కి, కింద ఉన్న లింకుతో లోపలికి రండి, ఏమీ కాదు’ అని వాట్సాప్‌లో పంపకండి. రోజూ కేవైసీ పేరుతో, పార్సిల్ పేరుతో దొంగ లింకులు వచ్చే ఫోన్లవి. ఎర్ర పేజీని దాటడం మీరు నేర్పితే రేపు ఇంకెవరి లింకుకో అదే చేస్తారు. సైట్ బాగయ్యేదాకా వాట్సాప్ బిజినెస్ క్యాటలాగ్‌లో ఫొటోలు, ధరలు పెట్టి ఆర్డర్లు తీసుకోండి. పెళ్లిళ్ల సీజన్ అయినా ఒకటి రెండు వారాలు అలా నడుస్తుంది.

పొట్టి లింకుల వెనక చిరునామాను దాచే ప్రయత్నం చేయకండి. కొత్త డొమైన్ కొని ఉన్న సైట్‌ను అలాగే ఎత్తి అందులో పెట్టడం కూడా వద్దు. లోపలి ఫైలు కూడా వెంట వెళుతుంది, కొత్త పేరు మీద కూడా ముద్ర పడుతుంది, అప్పుడు రెండు డొమైన్లకు రివ్యూ అడగాల్సి వస్తుంది.